‘పారిపోయిన బానిస’ అనవచ్చునా?

అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడినవారి స్వీయకథలను తెలుగులో పరిచయం చేసేటప్పుడు ‘పారిపోయిన బానిస’ అని రాయవచ్చునా అని ఒక సభ్యురాలు అడిగారు. ఆ మనుషులు తమ గొంతుతో మాట్లాడుతున్న చోట అలా రాయకూడదని, ‘తప్పించుకున్న’ అనాలని నా అభిప్రాయం.

‘పారు’ ధాతువుకు పరుగెత్తడమనే అర్థం పాతదే. అయితే నేటి వాడుకలో ‘పారిపోయాడు’ అనగానే అప్పు ఎగ్గొట్టినవాడో, దొంగతనం చేసి దొరక్కుండా పోయినవాడో, యుద్ధంలో వెన్ను చూపినవాడో మనసులో మెదులుతాడు. తప్పంతా పోయినవాడి మీదే పడుతుంది. బానిసలను పట్టివ్వమని పత్రికల్లో ప్రకటనలు వేయించిన యజమానుల చూపు సరిగ్గా ఇదే. కనుక ఆ ప్రకటనలనూ, అలాంటివారిని పట్టి యజమానులకు అప్పగించాలన్న 1850 నాటి చట్టాన్నీ అనువదించేటప్పుడు ‘పారిపోయిన’ అనే మాటనే ఉంచాలి. అక్కడ దాన్ని మెత్తబరిస్తే యజమాని గొంతు పాఠకుడికి వినపడదు.

బానిసత్వం నుంచి బయటపడి తన కథ రాసిన హేరియట్ జేకబ్స్ విషయంలో ఆ మాట వాస్తవంగా కూడా తప్పు. నార్త్ కెరొలైనాలోని ఈడెంటన్‌లో ఆమె యజమాని 1835లో ఆమె పారిపోయిందనీ, పట్టిచ్చినవారికి 100 డాలర్లు ఇస్తాననీ ప్రకటించాడు. అప్పటికి ఆమె ఊరు దాటనే లేదు. ఆ ఏడాదే తన అమ్మమ్మ ఇంటిని ఆనుకొని ఉన్న కొట్టు కప్పు కింది అటకలోకి చేరి, దాదాపు ఏడేళ్లు అక్కడే గడిపింది. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎంత ఎత్తున్న చోటైనా మూడడుగులే. నిలబడడం మాట అటుంచి, సరిగా ఒత్తిగిలడానికైనా చోటు లేదు. చీకట్లో చేతికి తగిలిన చిన్న బరమాతో చెక్కకు కన్నాలు తొలిచి, వీధిలోకి వచ్చే తన పిల్లలను ఆ కన్నాల్లోంచి చూసుకునేది. తాను బానిసత్వం లేని ఉత్తరాది రాష్ట్రాల్లో ఉన్నట్టు ఉత్తరాలు రాసి న్యూయార్క్ నుంచి వేయించి, యజమానిని నమ్మించింది. 1842లో పడవెక్కేదాకా ఎక్కడికీ పోని మనిషిని ‘పారిపోయింది’ అంటే, ఆమె పన్నిన ఉచ్చులో ఆ యజమానితోపాటు మనమూ పడ్డట్టే.

నేను ‘తప్పించుకున్న’ అనే రూపాన్ని కోరడానికి ముఖ్య కారణం అందులోని ‘కొను’. పని చేసినవాడికే దాని ఫలం దక్కుతుందని చెప్పే అనుబంధం అది. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి తన స్వీయకథ ముఖపత్రం మీద అది తానే స్వయంగా రాసినదని అచ్చు వేయించాడు. ఒక బానిస ఇంత చక్కగా రాయగలడా అని శంకించేవారు చాలామంది ఉన్న కాలమది. తెలుగులో దాన్ని ‘తాను రాసుకున్న కథ’ అంటే, తప్పించుకున్న చెయ్యీ, రాసుకున్న చెయ్యీ ఒకటేనని మన వ్యాకరణమే చెబుతుంది.

అదే ‘కొను’ విడిగా నిలబడితే వెల ఇచ్చి తీసుకోవడం. డగ్లస్ స్వేచ్ఛను 1846లో ఇంగ్లండులోని మిత్రులు 150 పౌండ్లకు కొన్నారు. జేకబ్స్‌ను 1852లో ఆమె పని చేస్తున్న ఇంటి ఇల్లాలు 300 డాలర్లిచ్చి విడిపించింది. ఆ మేలుకు కృతజ్ఞత ఉన్నా, స్వేచ్ఛ గల న్యూయార్క్‌లో తాను అమ్ముడుపోయానన్న బాధను జేకబ్స్ దాచుకోలేదు. కనుక ఆ ఘట్టంలో ‘విముక్తి పొందింది’ అని నున్నగా రాయవద్దని, ‘కొన్నారు’ అనే రాయమని అనువాదకులను వేడుకుంటున్నాను.

‘బానిస’ బదులు ‘దాసుడు’ వాడవచ్చన్న సూచనను నేను ఒప్పుకోలేను. రామదాసును తలచుకునే భాషలో ఆ మాటకు భక్తి పరిమళం అంటుకుని ఉంది. గడీల ముందు ‘నీ బాంచెన్ దొరా’ అనిపించుకున్న తెలంగాణ పల్లెలకు ‘బానిస’ బరువు వేరే చెప్పనక్కరలేదు.

ఒక్క చోట మాత్రం నా నియమాన్ని సడలించాలి. జార్జియాలోని మేకన్ నుంచి 1848 డిసెంబరులో బయలుదేరిన క్రాఫ్ట్ దంపతులు తమ పుస్తకం పేరులోనే స్వేచ్ఛ కోసం వేయి మైళ్లు పరుగెత్తామని చెప్పుకున్నారు. తెల్లని మేనిఛాయ గల ఎలెన్ జబ్బుపడిన తెల్ల దొర వేషం వేసి, చదువురాదన్న సంగతి బయటపడకుండా, సంతకం అడుగుతారేమోనని కుడిచేతికి కట్టు కట్టుకుంది. భర్త విలియం ఆ దొర వెంట నౌకరుగా నడిచాడు. వారికి ‘పరుగు’ అనే మాట సరిపోతుంది. అది ‘పారు’కు దగ్గరి చుట్టమే అయినా, దాని మీద ఇంకా మచ్చ పడలేదు.