బోటులినమ్ స్ట్రెయిన్లు వంశవృక్షంలో చెల్లాచెదురయ్యాయి. తేడా ఎక్కడ?

పరీక్షనాళిక:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం కొన్ని క్లాస్ట్రిడియం బ్యాక్టీరియాల జీనోములు (మొత్తం డీఎన్ఏ) పబ్లిక్ డేటాబేసు నుంచి దించుకుని వంశవృక్షం గీశాను. వాటిలో నరాలను పడేసే విషం చేసే బోటులినమ్ అన్నవన్నీ ఒకే కొమ్మ మీద ఉంటాయనుకుంటే తలో దిక్కూ పోయాయి. విషం రకాన్ని బట్టి పెట్టిన టైపుల్లో టైప్ ఎ వెళ్లి స్పోరోజీనెస్ అనే మరో క్లాస్ట్రిడియం జాతి పక్కన చేరింది. టైప్ సి, డి నోవై అనే ఇంకో జాతి దగ్గరున్నాయి. టైప్ ఇ ఇంకెక్కడో. టైప్ బి స్ట్రెయిన్లు రెండైతే ఒకదానికొకటి సంబంధమే లేనట్టు వేర్వేరు కొమ్మలెక్కాయి. లేబుళ్లు తారుమారై ఉంటాయని క్లాసులో ఒకడి వాదన. ఎలైన్‌మెంటు (డీఎన్ఏ వరుసలను పక్కపక్కన సరిపోల్చే పద్ధతి) మార్చి చూసినా బొమ్మ మారలేదు. ఈ వారం గైడుకి చూపించాలి, ఏం చెప్పమంటారు?

గాలిపడనివాడు:
లేబుళ్లనేమీ అనకండి, చెట్టు బాగానే ఉంది. చిక్కంతా ఆ పేరుతోనే. ఆక్సిజన్ లేని పెట్టెల్లో చేతులు పెట్టి ఈ క్లాస్ట్రిడియాలతోనే ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి, కాస్త ఓపిక పట్టి చదవండి.

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే ఊళ్లో నిలవ హామ్ తిన్న వాద్యకారులకు పక్షవాతం లాంటి జబ్బు చేసింది. ఆ మాంసంలోంచే ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఈ బ్యాక్టీరియాను వేరుచేసి 1897లో ప్రకటించాడు. ఆ తర్వాత అలాంటి విషం చేసే ప్రతిదాన్నీ ఇదే పేరుతో పిలవాలని 1953లో ప్రెవో ప్రతిపాదించాడు, అది నిలబడిపోయింది. అంటే ఇక్కడ ఇంటిపేరు చూసి చుట్టరికం కలిపారు.

నిజానికి అవి ఒకటో, రెండో, మూడో, నాలుగో గ్రూపులు. మాంసకృత్తులను కరిగించే ఎ, బి, ఎఫ్ రకాలు ఒకటో గ్రూపు, స్పోరోజీనెస్‌కి అతి దగ్గరవి. కరిగించలేని బి, ఇ, ఎఫ్ రెండోది. మీ రెండు బిలు విడిపోయింది ఇందుకే. సి, డి మూడోది. టైప్ జి నాలుగోది, దానికి 1988లోనే ఆర్జెంటినెన్స్ అని వేరే పేరు పెట్టేశారు.

ఇక అసలు సంగతి. విషం తయారుచేసే జన్యువు ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. ఒకటో గ్రూపులో కొన్నిటికి క్రోమోజోమ్ మీద, కొన్నిటికి ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్ఏ) మీద ఉంటుంది. సి, డిలలో ఫేజ్, అంటే బ్యాక్టీరియాకు సోకే వైరస్, మోసుకొస్తుంది. ఆ ఫేజ్ పోతే విషమూ పోతుంది. 1974లో ఎక్లండ్ బృందం ఫేజ్ పోగొట్టుకున్న టైప్ సికి నోవై ఫేజ్ ఎక్కించి చూస్తే అది నోవై టైప్ ఎ విషం చేయడం మొదలుపెట్టింది! జాతి పేరు ఫేజ్ చేతిలో ఉందన్నమాట.

టైప్ ఇలో ఇంకా ముచ్చటైన ఆనవాలుంది. విష జన్యువుల గుంపు ‘రార్-ఎ’ అనే జన్యువు మధ్యలో దూరి దాన్ని రెండు ముక్కలు చేసింది. పక్కనే చెక్కుచెదరని రార్-ఎ మరొకటి ఉంది, వస్తూ వస్తూ అదీ తెచ్చుకున్నట్టు. టైప్ ఇ విషం చేసే బ్యూటిరికమ్ అనే మరో క్లాస్ట్రిడియం జాతిలోనూ అదే జన్యువు, అదే చోట చీలింది. దీన్నొక స్లైడు చేసుకోండి.

డబ్బామూత:
ఆహార ప్యాకింగ్ వైపు నుంచి ఒక ముక్క. మేము వేడి చాలిందో లేదో తేల్చడానికి వాడేది స్పోరోజీనెస్‌లో పీఏ 3679 అనే స్ట్రెయిన్ స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు). విషం ఉండదు, పైగా బోటులినమ్ స్పోర్ల కంటే వేడికి మొండివి. 121 డిగ్రీలు, 3 నిమిషాలు అనే లెక్క ఒకటో గ్రూపు స్పోర్లను దృష్టిలో పెట్టుకున్నది. రెండో గ్రూపు స్పోర్లు అంతకంటే చాలా తక్కువ వేడికే చస్తాయి, కానీ ఆ గ్రూపు 3 డిగ్రీల చలిలోనూ పెరగగలదు. కాబట్టి గ్రూపు చెప్పకుండా ‘బోటులినమ్’ అంటే మాకు సగం సమాచారమే.

పరీక్షనాళిక:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. మరి ఇన్ని తెలిశాక పేర్లు సరిచేయొచ్చు కదా? విషం లేని బోటులినమ్, విషం ఉన్న స్పోరోజీనెస్ కూడా ఉంటాయా?

గాలిపడనివాడు:
ఉంటాయి. టైప్ బి విషం చేసే స్పోరోజీనెస్ స్ట్రెయిన్లు జీనోములు చదివాక బయటపడ్డాయి. పేరు మార్చకపోవడం బద్ధకం కాదు. రిపోర్టులో బోటులినమ్ అని చూడగానే డాక్టరు యాంటీటాక్సిన్ (విషానికి విరుగుడు) గురించి ఆలోచించాలి, అక్కడ వంశవృక్షంతో పనేముంది? 1999లో బ్యాక్టీరియా పేర్ల మీద తీర్పు చెప్పే నామకరణ న్యాయ సంఘం కూడా బోటులినమ్, స్పోరోజీనెస్ రెండు పేర్లనూ కాపాడింది. నా మటుకు గ్రూపు, టైప్ రెండూ రాస్తే చాలంటాను. పేగుల జబ్బు తెచ్చే క్లాస్ట్రిడియం డిఫిసిలీని 2016లో క్లాస్ట్రిడియోయిడీస్ చేస్తే ఆస్పత్రుల్లో ‘సి డిఫ్’ అనడం మానారా ఏమిటి!

దోమతెర:
క్లాస్ట్రిడియం దాకానే ఆగకండి. 2018లో ఆవు పేడలోని ఎంటరోకాకస్ ఫీసియమ్ అనే వేరే బ్యాక్టీరియాలో బోటులినమ్ తరహా జన్యువు దొరికింది. 2019లో పారాక్లాస్ట్రిడియం బైఫర్మెంటన్స్‌లో మరో బంధువు. ఆ విషం మలేరియాను మోసే అనాఫిలిస్ దోమలను చంపుతుంది. మలేరియా మీద పనిచేసేవాళ్లకు అదంటే ప్రాణం.

గాలిపడనివాడు:
మంచి మాట అందించారు. పరీక్షనాళిక గారూ, విష జన్యువులకు విడిగా ఇంకో చెట్టు కట్టండి. ధనుర్వాతం విషాన్నీ అందులో చేర్చండి, అదీ ఆ కుటుంబమే. టైప్ బి నాడీకణంలో ఏ ప్రొటీన్‌ను ఏ చోట కోస్తుందో ధనుర్వాతం విషమూ సరిగ్గా అక్కడే కోస్తుంది. రెండు చెట్లూ పక్కపక్కన పెట్టి, ఒకే స్ట్రెయిన్‌ను గీతతో కలపండి. గీతలు ఎక్కడ అడ్డదిడ్డంగా పోతాయో అక్కడ జన్యువు చేతులు మారిందేమో వెతకాలి.