మనవడికి ఆటిజం అని తేలింది. తాతయ్యకీ ఆ పేరు పెట్టాలా?

సర్జాపూర్ అమ్మ:
మా బాబుకి ఆరేళ్లు. ఈ మధ్యే ఇక్కడ బెంగళూరులో ఒక ఆస్పత్రిలో ఆటిజం అని రాసిచ్చారు. కుటుంబంలో ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని డాక్టర్‌గారు అడిగితే నేను మామయ్యగారి గురించి చెప్పాను. మా వాడు 335-ఇ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో వరసగా అప్పజెప్తాడు. మామయ్యగారు గుంటూరు మీదుగా వెళ్లే రైళ్ల నంబర్లు, టైములు చెప్తారు, అడక్కపోయినా. కొత్త చొక్కా ఇంటికొస్తే ముందు బ్లేడు తెచ్చుకుని కాలర్ వెనక లేబుల్ కుట్లు ఒక్కొక్కటే ఊడదీస్తారు. ఒక్క దారప్పోగు మిగిలి గుచ్చుకుందా, ఆ చొక్కా ఇక బీరువాలోనే. మా వాడి యూనిఫామ్‌తో రోజూ పొద్దున్నే ఇదే యుద్ధం. పెళ్లికి తీసుకెళ్తే తలంబ్రాలు పూర్తయ్యేలోపే ఆయన బస్టాండులో ఉంటారు.

అప్పట్నుంచి మా వారు ముభావంగా ఉన్నారు. "మా నాన్నని కూడా ఆ ఫైల్లోకి ఎక్కించావా" అంటారు. అత్తయ్యగారేమో "మా వంశంలో ఎవరికీ లేదమ్మా, మీ వైపు నుంచే వచ్చుంటుంది" అనేశారు. మామయ్యగారికి ఇవేవీ తెలియవు. ఆయనకి చెప్పాలా, వద్దా?

బెల్లందూరు నాన్న:
చెప్పొద్దండీ. ఆయన ఉద్యోగం చేశారు, పిల్లల్ని చదివించారు, పెళ్లిళ్లు చేశారు. ఇంకేం కావాలి? చిన్నప్పట్నుంచీ లక్షణాలుంటే చాలదు, వాటివల్ల రోజువారీ బతుకులో గట్టి ఇబ్బంది ఉంటేనే ఆటిజం అనాలని డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్ పుస్తకంలోనే రాసి ఉంది. రీల్స్ చూసి ప్రతి చాదస్తానికీ ఒక పేరు తగిలిస్తున్నాం. మా తాత ముద్దపప్పు, ఆవకాయ తప్ప ఇంకోటి ముట్టేవాడు కాదు. ఆయనకీ రాయించేద్దామా?

నా బాధ ఇంకొకటుంది. మా పాపకి తొమ్మిదేళ్లు, మాట లేదు. దాహం వేస్తే నా చెయ్యి పట్టుకుని ఫిల్టర్ దగ్గరికి లాక్కెళ్తుంది. "అబ్బే, అందరికీ కొంచెం కొంచెం ఉంటుందిలే" అని ఎవరన్నా అంటే ఒళ్లు మండుతుంది.

జయనగర్ టీచర్:
ఆ మాట నాకూ నచ్చదు. కానీ మీరు చెప్పిన పుస్తకంలోనే, 2013 నాటి కూర్పులో, పెద్దయ్యేకొద్దీ నేర్చుకున్న ఉపాయాల వల్ల లక్షణాలు పైకి కనపడకపోవచ్చని కూడా ఉంది.

ఇబ్బంది లేదంటున్నారు. ఎవరికి లేదు? మా అబ్బాయికి తేలాక, నలభై దాటిన వయసులో నాకూ తేలింది. అప్పుడు మా నాన్నగారి జీవితం మొత్తం మళ్లీ గుర్తు చేసుకున్నాను. బ్యాంకు పని అమ్మదే, పాలవాడితో బేరం అమ్మదే. చుట్టాలొస్తే ఆయన పెరట్లో, "ఆయనకి తలనొప్పి వదినా" అంటూ అమ్మ వాకిట్లో. కూర వెళ్లి పప్పుకి తగిలితే కంచం జరిపేసేవారు. అమ్మ నోరెత్తకుండా ఇంకో కంచం పెట్టేది. ఊళ్లో ఆయనకి నెమ్మదస్తుడని పేరు, ఆవిడకి గయ్యాళి అని. ఆయన ఉద్యోగం, సంసారం నిలబడ్డాయంటే వెనక ఆవిడ ఉంది కాబట్టి. మీ అత్తయ్యగారిని ఒకసారి ఈ కోణంలో చూడండి. "మా వంశంలో లేదు" అంటున్న మనిషే అందరికంటే ఎక్కువ మోసి ఉండొచ్చు.

మాలాంటి ఆడపిల్లలకి పెరట్లో కూర్చునే వీలు కూడా ఉండదు. వచ్చినవాళ్లని నవ్వుతూ పలకరించడం బట్టీ పట్టాం. ఆడవాళ్లకి ఆలస్యంగా తేలడానికి అదొక కారణం.

వైట్‌ఫీల్డ్ థెరపిస్ట్:
ఎవరి వైపు నుంచి అనే గొడవ గురించి రాస్తాను, రోజూ వినేది అదే. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి మొదటిసారి రాసినప్పుడే వాళ్ల తల్లిదండ్రుల తీరునూ ప్రస్తావించాడు. 1944లో హాన్స్ ఆస్పెర్గర్ అనే ఇంకో డాక్టర్ కూడా పిల్లల పోలికలు తండ్రుల్లో కనిపిస్తున్నాయని రాశాడు. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి తల్లి ప్రేమగా పెంచకపోవడం వల్లే అంటూ తల్లుల్ని ఆడిపోసుకున్నారు. 1977లో ఫోల్‌స్టీన్, రటర్ అనే పరిశోధకులు 21 జతల కవలల్ని చూసి వంశపారంపర్యం పాత్ర బలంగా ఉందని చూపించారు. 2019లో ఐదు దేశాల్లో 20 లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించిన అధ్యయనం, ఆటిజం విషయంలో మనుషుల మధ్య తేడాకి దాదాపు 80 శాతం కారణం జన్యువులే అని తేల్చింది. ఒక బిడ్డకి ఆటిజం ఉంటే రెండో బిడ్డకి వచ్చే అవకాశం 80 శాతం అని దీనర్థం కాదు, అది సుమారు 20 శాతం. చాలా ఇళ్లలో వందలాది జన్యువుల ప్రభావం రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా చేరుతుంది. కొన్ని మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి. కాబట్టి అత్తయ్యగారి తీర్పు చెల్లదు.

తాతల్లో, మేనత్తల్లో కనిపించేవి చాలాసార్లు ఆటిజం ఛాయలే. వాటిని జబ్బుగా లెక్కేయరు. కానీ పాత సంగతులు డాక్టర్‌కి చెప్పడం ఎందుకు ముఖ్యమో ఫ్రాజైల్ ఎక్స్ చూస్తే అర్థమవుతుంది. కొందరిలో ఆటిజానికి కారణమయ్యే జన్యు సమస్య ఇది. అది ఎక్స్ క్రోమోజోమ్‌లో ఒకే ఒక్క జన్యువు తేడా. మామయ్యగారి ఎక్స్ మీ బాబుకి రాదు, ఎందుకంటే ఆయన కొడుక్కి ఇచ్చింది వై. బాబు ఎక్స్ మీ నుంచే, అంటే మీ పుట్టింటి నుంచే వస్తుంది. ఈ తేడా కొద్దిపాటిగా ఉన్నవాళ్లలో కొందరికి వేరే లక్షణాలు కనిపిస్తాయి. మీ పుట్టింటి వైపు మగవాళ్లలో 50 దాటాక చేతులు వణకడం, నడకలో తూలడం, ఆడవాళ్లలో 40 లోపే ముట్లు ఆగిపోవడం లాంటివి ఉంటే డాక్టర్‌గారికి తప్పకుండా చెప్పండి. ఒక రక్త పరీక్షతో తేలుతుంది.

కె.ఆర్.పురం బాబాయ్:
మరి పెద్దాయనకి సర్టిఫికెట్ తీసుకుంటే ఏమన్నా లాభమా?

వైట్‌ఫీల్డ్ థెరపిస్ట్:
2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. బాబుకి యూడీఐడీ కార్డు, అంటే ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు, చేయించుకోండి, స్కూల్లో అక్కరకొస్తుంది. పెద్దాయన తనంతట తాను కావాలంటే తప్ప ఆ పరీక్షల జోలికి తీసుకెళ్లకండి.

బెల్లందూరు నాన్న:
మరి నేనన్నదీ అదేగా. ఇంకోటి కూడా ఆలోచించండి. ఆ ఇంట్లో పెళ్లీడు పిల్లలుంటే, "వాళ్ల వంశంలో ఉందట" అన్న మాట ఒక్కటి చాలు సంబంధం తప్పిపోవడానికి. మనవాళ్ల సంగతి తెలియనిదా?

జయనగర్ టీచర్:
సంబంధాల కోసం ఊళ్లోవాళ్లకి చెప్పకండి, సరే. బాబు దగ్గర మాత్రం దాచకండి. నేనొక్కడినే ఎందుకిలా అని వాడు అడిగే రోజు వస్తుంది. మీ తాతయ్యకీ లేబుల్ గుచ్చుకుంటుందిరా అని చెప్పడానికి ఏ డాక్టర్ కాగితమూ అక్కర్లేదు.

సర్జాపూర్ అమ్మ:
అందరికీ థాంక్సండీ. మామయ్యగారికి ఆ పేరు చెప్పను. మా ఆడపడుచు కూతురికి సంబంధాలు చూస్తున్నారు, బెల్లందూరు అన్నయ్యగారు అన్నది నిజమే. మా పెద్దనాన్నకి చేతులు వణుకుతాయి. వయసు వల్లేననుకున్నాం. రేపు అమ్మకి ఫోన్ చేసి ఎప్పట్నుంచో కనుక్కుంటాను, డాక్టర్‌గారికీ చెప్తాను. పరీక్షలో నిజంగానే మా వైపు అని వస్తే అత్తయ్యగారి ముందు ఏం మాట్లాడాలో మాత్రం మళ్లీ ఇక్కడికే వచ్చి అడుగుతాను.