వలస గూడెం పిల్లలను హాస్టల్లో వేయాలా, అమ్మానాన్నల దగ్గరే ఉంచాలా?

కిన్నెరసాని టీచర్: మా మండలంలో అడవి లోపల ఒక గుత్తికోయ గూడెం ఉంది. గుత్తికోయలంటే ఛత్తీస్‌గఢ్ నుంచి వలసొచ్చిన ఆదివాసులు. 2005లో అక్కడ సల్వాజుడుం, అంటే మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో సాయుధ దళాలు నడిపిన ఉద్యమం, మొదలయ్యాక, అటు జుడుంకీ ఇటు మావోయిస్టులకీ భయపడి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. ఇప్పుడు అక్కడి పిల్లలు పదకొండు మందిని ఆశ్రమ పాఠశాల హాస్టల్లో వేద్దామంటున్నారు. నేను వద్దంటున్నాను. జీపు చప్పుడు వినబడగానే ఎనిమిదేళ్ల పిల్ల చెల్లెల్ని చంకనేసుకుని చెట్లల్లోకి పరిగెత్తడం నేను కళ్లారా చూశాను. అలాంటి పిల్లను అమ్మకు దూరం చేస్తే ఇంకెక్కడి ధైర్యం? గూడెంలోనే, వాళ్ల భాష వచ్చిన మనిషితో బడి పెట్టాలి. మీరేమంటారు?

పాత వార్డెన్: టీచరమ్మా, నేను ఇరవై ఆరేళ్లు హాస్టళ్లలో పనిచేశాను. మొదటి నెల ఏడుస్తారు. తర్వాత వేళకి అన్నం, తోటి పిల్లలు, సాయంత్రం ఆట, రాత్రి లైటు, వీటితోనే కుదురుకుంటారు. గూడెంలో కరెంటు లేదు. వానాకాలం వాగు పొంగితే మీ బడికి టీచరే రాలేడు. ఇంకో మాట. సల్వాజుడుం చెల్లదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. ఈ పిల్లలు ఇక్కడే పుట్టారు. వీళ్లను యుద్ధ బాధితులంటే ఎలా?

కిన్నెరసాని టీచర్: ఇక్కడే పుడితే మరి జీపంటే భయం ఎందుకు సార్? అటవీశాఖవాళ్లు జీపుల్లో వచ్చి ఆ గూడెం ఇప్పటికి రెండుసార్లు పీకేశారు. నాన్నకి పన్నెండేళ్లప్పుడు ఊరు తగలబడింది, కూతురికి నాలుగేళ్లప్పుడు గుడిసె కూలింది.

పాత వార్డెన్: గుడిసె కూల్చడం యుద్ధం కాదమ్మా. మాట సరిగ్గా వాడాలి.

సునీత, ములుగు: యుద్ధమో కాదో తర్వాత చూద్దాం. ఆ పిల్ల రాత్రి నిద్రపోతోందా?

ఇప్పచెట్టు: మేం స్థానిక కోయలం. నిరుడు మా అన్న కూతురికి హాస్టల్లో సీటు లేదన్నారు. నలభై కిలోమీటర్ల దూరం పంపాం. ముందు మా పిల్లల సంగతి చూడండి.

పాత వార్డెన్: సీట్ల సంగతి వేరు తమ్ముడూ.

ఇప్పచెట్టు: వేరెలా అవుతుంది? 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో పోడు (అడవి కొట్టి చేసే సాగు) గొడవలో ఇద్దరు గుత్తికోయలు అటవీ రేంజ్ అధికారిని చంపారు. అప్పటి నుంచీ మాకూ టెన్షనే. అడవిలోకి వెళ్లే మమ్మల్ని కూడా అనుమానంగా చూస్తున్నారు.

కిన్నెరసాని టీచర్: ఆ హత్యకీ ఎనిమిదేళ్ల పిల్లకీ ఏం సంబంధం తమ్ముడూ? ఆ తర్వాత అక్కడి పంచాయతీ గుత్తికోయలను పంపేయాలని తీర్మానం చేసింది. అలాంటి మాటలు పిల్లల చెవిన పడవా?

పాత వార్డెన్: సరే, నా మనసులో మాట చెప్తాను. ఆ గూడెం నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ ఆ భూమిలో ఉంటేనే పట్టా. వీళ్లలో చాలామంది ఆ తర్వాతే వచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలే, ఇక్కడికొస్తే ఆ సర్టిఫికెట్ ఇవ్వరు. రేపు మళ్లీ పీకేస్తే మీ బడి ఏమవుతుంది? హాస్టల్‌నైతే ఎవరూ కూల్చరు. అందుకే పంపమంటున్నాను.

కిన్నెరసాని టీచర్: అంటే గూడెం పోతుందని మీరు ముందే ఒప్పేసుకున్నారు. నేను ఒప్పుకోను సార్. ఇన్ని మాటలూ అక్కడే తేడా వచ్చాయి.

కొంటా కుర్రాడు: నేను 2006లో ఛత్తీస్‌గఢ్‌లోని కొంటా వైపు నుంచి వచ్చాను. అప్పుడు ఏడేళ్లు. హాస్టల్లోనే చదివాను. మొదటి రోజు దాహమేసి "ఏర్, ఏర్" అన్నాను. మా భాషలో ఏర్ అంటే నీళ్లు. నేను ఏటికి పోతానంటున్నా అనుకుని సార్ తలుపు గడియ పెట్టారు. రెండుసార్లు పారిపోయాను. మూడోసారి పోలేదంటే వంట చేసే కోయ అవ్వ వల్లే. మా మాటలో "తిన్నావా" అని అడిగేది. అన్నం కూడా బాగుండేది, కాదనను. కానీ పండక్కి గూడెం వెళ్తే మా గుడిసె తీసేసి, అది ఉన్నచోట అటవీశాఖ మొక్కలకి గుంటలు తవ్వి ఉన్నాయి. అమ్మావాళ్లు ఎటు పోయారో కనుక్కోవడానికి మూడు రోజులు పట్టింది. తిరిగొచ్చాక ఆ అన్నమే నాకు సయించలేదు.

పాత వార్డెన్: గూడెం తీసేస్తున్నారని మీ హాస్టల్‌కి ఎవరైనా కబురు చేశారా బాబూ?

కొంటా కుర్రాడు: లేదు సార్.

పాత వార్డెన్: నాకూ ఎప్పుడూ చేయలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

ఇప్పచెట్టు: మా అన్న కూతురి సీటు గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.