ఇథియోపియా పల్లెల్లో 422 మంది తల్లులు: ఈ విద్యార్థి పరిశోధనలు ఆపేస్తే నష్టమేంటి?

మాజీ_లెక్చరర్ (చర్చ ప్రారంభం)

ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో ఆరేళ్లు పబ్లిక్ హెల్త్ చెప్పి వచ్చాను. మనవైపు నుంచి అక్కడికి పాఠాలు చెప్పడానికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు, కాబట్టి నేను చెప్పేది కొందరికైనా తెలిసిన సంగతే.

నేను గైడ్‌గా సంతకం పెట్టిన మాస్టర్స్ థీసిస్‌లలో సగానికి పైగా ఒకటే పేరు. “ఫలానా జిల్లాలో ఆసుపత్రి కాన్పులు, వాటిని ప్రభావితం చేసే అంశాలు.” జిల్లా మారుతుంది, అంతే. శాంపిల్ కూడా మారదు. ఎంతమంది ఆసుపత్రిలో కంటున్నారో తెలియదు కాబట్టి సగం అనుకుంటారు, ఫార్ములాలో వేస్తే 384 వస్తుంది, జవాబివ్వనివాళ్ల కోసం 10 శాతం కలిపితే 422. “ఏమయ్యా, నీ 422 మంది దొరికారా?” అని స్టాఫ్‌రూమ్‌లో జోకులేసుకునేవాళ్లం.

ఒకసారి జిమ్మా వైపు ఒక కెబెలెకి (మన పంచాయతీ అనుకోండి) ఒక విద్యార్థితో నేనూ వెళ్లాను. ఫారాలు నింపే పని అక్కడి హెల్త్ సెంటర్ మిడ్‌వైఫ్‌కే అప్పజెప్పాడు. ఆమెకు ఒరోమో భాష వచ్చు, ఇళ్లు తెలుసు, రోజుకింత అని భత్యం ఇస్తే వస్తుంది. ఇంటావిడ మమ్మల్ని కూర్చోబెట్టి పచ్చి కాఫీ గింజలు కడిగి, పెనం మీద వేయించి, దంచి, మట్టి కూజాలో మరిగించడం మొదలుపెట్టింది. వీపున నాలుగు నెలల బిడ్డ. అటు కాఫీ పని, ఇటు ప్రశ్నలు. బిడ్డ పుట్టిన తేదీ దగ్గరే పావుగంట పట్టింది. వాళ్ల క్యాలెండర్‌కి 13 నెలలు, మన లెక్కకి ఏడెనిమిదేళ్లు వెనక నడుస్తుంది. మావాడి ఫారమేమో ఇంగ్లిష్ తేదీ అడుగుతోంది. తర్వాత “కాన్పు గదిలో సిబ్బంది మీ మీద అరిచారా?” అన్న ప్రశ్న వచ్చింది. ఆవిడ మిడ్‌వైఫ్ ముఖం చూసి, నవ్వి, “లేదు, బాగా చూసుకున్నారు” అంది. టిక్ పడింది.

తిరిగొస్తుంటే మా డ్రైవర్ చెప్పాడు. కంచె దగ్గర ఆ ఇంటి పెద్దావిడ పక్కింటావిడతో “అప్పుడు తొడ మీద కొట్టింది ఈ పిల్లే, ఇప్పుడు అడగడానికి వచ్చింది” అంటోందట.

ఆ థీసిస్ మీద సంతకం పెట్టింది నేనే. ఇలాంటి సర్వేలు పూర్తిగా ఆపేయాలని నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే చెప్పండి.

లెక్కల_రావు

సార్, ఎలక పడిందని గాదె తగలబెట్టమంటున్నారు. మిడ్‌వైఫ్‌తో అడిగించడం మీ విద్యార్థి తప్పు, చూసీ ఊరుకోవడం మీ తప్పు. దానికి పరిశోధనే వద్దంటే ఎలా?

ఇథియోపియాలో 2000లో ఆసుపత్రి కాన్పులు 5 శాతం. 2011లో 10, 2016లో 26, 2019లో 48. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2000లో 871 ఉంటే 2016 సర్వేకి 412కి దిగాయి. ఇంటింటికీ వెళ్లి అడగకపోతే ఈ మార్పు ఎవరికి తెలిసేది? పైగా విద్యార్థి నేర్చుకునేదే తప్పులు చేస్తూ. మన దగ్గర పీజీ థీసిస్‌లు ఏం వెలగబెడుతున్నాయని!

మాజీ_లెక్చరర్

రావుగారూ, మీరిచ్చిన అంకెలన్నీ జాతీయ సర్వేలవి. మా 422లవి కావు. మావి లైబ్రరీలో అట్టలేసుకుని ఉన్నాయి.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. 2003లో అక్కడి ప్రభుత్వం హెల్త్ ఎక్స్‌టెన్షన్ (ఊళ్లోకే ఆరోగ్య సేవలు) కార్యక్రమం మొదలుపెట్టింది. పదో తరగతి చదివిన అమ్మాయిలకు ఏడాది శిక్షణ, కెబెలెకి ఇద్దరు, జీతం సహా. మార్పులో పెద్ద వాటా వాళ్లదే. ఆసుపత్రికి ఎందుకు రారంటే అక్కడి ఆడవాళ్లు చెప్పే కారణాల్లో ఒకటి గెన్ఫో. బార్లీ పిండితో ముద్ద చేసి, మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తారు, మన సంకటిలో పోసినట్టే. కాన్పయిన ఇంట్లో చుట్టుపక్కల ఆడవాళ్లంతా చేరి తినాలి. హెల్త్ సెంటర్లో అదెక్కడ కుదురుతుంది? తర్వాత కొన్ని హెల్త్ సెంటర్లు గెన్ఫో వండుకోనిచ్చాయి, కాఫీ కాచుకోనిచ్చాయి. నేను చూసిన ఫారాల్లో చదువు, ఆదాయం, దూరం అన్నిటికీ గడులున్నాయి. గెన్ఫోకి లేదు.

మన్యం_ఏఎన్ఎం

నేను పార్వతీపురం వైపు ఏఎన్ఎంగా చేస్తున్నాను. సార్ చెప్పిన మిడ్‌వైఫ్‌ని తిట్టకండి, ఆ స్థానంలో నేను చాలాసార్లు ఉన్నాను. కాలేజీ పిల్లలు సర్వేకి వస్తారు, దారి చూపించమంటారు. నేను ముందు నడుస్తాను, వాళ్లు వెనక వస్తారు. ఇంట్లో అమ్మ నన్ను చూసే జవాబు చెబుతుంది. ఐరన్ మాత్రలు రోజూ వేసుకుంటున్నానంటుంది. మాత్రలు చూరులో ఉంటాయి, నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. పిల్లలు రాసుకుని వెళ్లిపోతారు.

ఇథియోపియాలో కూడా గర్భిణిని కర్రలకు కట్టి మోసుకొస్తారని విన్నాను. మాకు డోలీ. అందుకే సాలూరులో గర్భిణుల వసతి గృహం పెట్టారు, నెలలు నిండేముందే తెచ్చి ఉంచుతారు.

లెక్కల_రావు

మేడమ్ మంచి మాట ఎత్తారు. ఇథియోపియాలో గురాగె ప్రాంతంలో అట్టత్ ఆసుపత్రి దగ్గర ఇలాంటి ఇల్లే ఎప్పటినుంచో ఉంది. 1987 నుంచి 2008 దాకా 22 ఏళ్ల రికార్డులు తీసి, 24 వేలకు పైగా కాన్పులు లెక్కేశారు. ముందే వచ్చి ఆ ఇంట్లో ఉన్న తల్లుల్లో మరణాలు లక్షకు సుమారు 90. నేరుగా వచ్చినవాళ్లలో 1,300 పైన! పరిశోధన ఎందుకు కావాలో దీన్ని చూస్తే చాలదా?

మన్యం_ఏఎన్ఎం

రావుగారూ, మీకంటే చిన్నదాన్ని, తప్పైతే చెప్పండి. నేరుగా వచ్చేవాళ్లు ఎప్పుడొస్తారు? ఇంట్లో రెండు రోజులు నొప్పులు పడి, బిడ్డ అడ్డం తిరిగి, రక్తం పోయాక డోలీ ఎక్కుతారు. ఇంటి దగ్గర మామూలుగా కన్నవాళ్లు మీ రిజిస్టర్‌లోకే రారు కదా. ఆ తేడా అంతా వసతి గృహం గొప్పే అనుకోవచ్చా?

లెక్కల_రావు

అనుకోకూడదు. మీ మాటే కరెక్ట్ మేడమ్, నేనే తొందరపడ్డాను. ఇల్లు మేలు చేస్తుందనే ఇప్పటికీ నా నమ్మకం, కానీ ఎంత మేలో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెడితే తేలదు.

ఒకటి మాత్రం వదలను. ఆ పనికి ఒక్క తల్లినీ కూర్చోబెట్టి 40 నిమిషాలు అడగలేదు. రిజిస్టర్లు బీరువాలో ఉన్నాయి, తీసి చదివారు. మాజీ లెక్చరర్ గారూ, మీ విద్యార్థులను ముందు అక్కడికి పంపొచ్చుగా?

ఖమ్మం_మాస్టారు

అందరూ జవాబు నిజమా అబద్ధమా అని చూస్తున్నారు. “నేను జవాబివ్వను పో” అనే వీలు ఆ తల్లికి ఉందా అన్నది నా ప్రశ్న.

2009లో మా ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. ఆశ్రమ పాఠశాలల్లో గిరిజన పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, అది కూడా చెప్పాలి. టీకా మంచిదే, మా మనవరాలికి వేయించాను. కానీ 2013లో పార్లమెంటు కమిటీ ఆ సంతకాల విషయంలోనే గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి ఆఫ్రికాలో మాత్రమే ఇలా జరుగుతుందన్నట్టు మాట్లాడకండి.

డల్లాస్_ఎంపీహెచ్

అందరికీ నమస్కారం. మన దగ్గర బీడీఎస్ చదివి అమెరికాలో ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్) చేస్తున్నాను. వచ్చే వేసవిలో 8 వారాలు మలావీ వెళ్లాలి. నా టాపిక్: “పల్లెల్లో ఆడవాళ్లు ఇంట్లోనే ఎందుకు కంటున్నారు?” ఈ చర్చ చదివాక టెన్షన్ పట్టుకుంది.

మలావీలో మంత్రసానులను ‘అజాంబ’ అంటారు. 2007లో వాళ్లు కాన్పులు చేయకూడదని ప్రభుత్వం నిషేధించింది, 2010లో ఎత్తేసింది. కానీ ఊరి పెద్దలు చాలాచోట్ల సొంత కట్టుబాట్లు పెట్టారు. ఇంట్లో కంటే జరిమానా, మేకో కోడో ఇచ్చుకోవాలి. మా ప్లాన్ ప్రకారం ముందు ఊరి పెద్దను కలిసి అనుమతి తీసుకోవాలి, తర్వాత ఆయన మనిషి మాకు ఇళ్లు చూపిస్తాడు.

ఖమ్మం_మాస్టారు

అంటే జరిమానా వేసేవాడి మనిషిని గుమ్మంలో నిలబెట్టి “ఎక్కడ కన్నావమ్మా?” అని అడుగుతావన్నమాట. ఏం చెబుతుంది తల్లీ? “ఆసుపత్రిలోనే” అంటుంది. మేక ఉన్నది ఒకటే కదా.

మన్యం_ఏఎన్ఎం

చెల్లీ, వెళ్లడం మానకు. ఆ ఊరి పెద్దను కలవకుండా ఊళ్లోకీ వెళ్లకు, అది మర్యాద కాదు, మా కొండ మీద కూడా అంతే. కానీ అనుమతి తీసుకున్నాక ఆయన మనిషిని పంపొద్దని చెప్పు. ఫారం తియ్యకుండా రెండు రోజులు ఊరికే బోరింగ్ దగ్గర కూర్చో. నీళ్లకు వచ్చినవాళ్లు మాట్లాడతారు, నీకు ఆ భాష రాదు కాబట్టి అక్కడి కాలేజీ అమ్మాయిని తోడు పెట్టుకో. పేపర్ మీద ఆ అమ్మాయి పేరు కూడా వెయ్యి, కింద థాంక్స్‌లో కాదు, పైన.

మాజీ_లెక్చరర్

ఆపేయాలని మొదలుపెట్టాను గానీ, ఈ అమ్మాయిని వెళ్లొద్దనడానికి నాకు నోరు రావడం లేదు. 422 ఫారాలు మాత్రం ఇప్పటికీ వద్దనే అంటాను. పాతికమందితో మాట్లాడు, నిదానంగా.

డల్లాస్_ఎంపీహెచ్ (నాలుగు రోజుల తర్వాత)

ఊరి పెద్ద మనిషి లేకుండా, అక్కడి విద్యార్థినితో కలిసి, ప్రశ్నావళి లేకుండా పాతికమందితో మాట్లాడతానని మా ప్రొఫెసర్‌కి రాసి పంపాను. ఇవాళ జవాబొచ్చింది. ఆలోచన చాలా బాగుందట. చివర్లో మాత్రం, “మిగతా శాంపిల్ ఎప్పుడు పూర్తి చేస్తావు?” అని అడిగారు.

మాజీ_లెక్చరర్

మిగతా అంటే 397 అమ్మా. అక్కడికి ఫార్ములా నా కంటే ముందే వెళ్లిపోయిందన్నమాట.