యుద్ధానికి చెప్పిన కారణం సంధిపత్రంలో ఎందుకు లేదు? (1812 అమెరికా–బ్రిటన్ యుద్ధం)

చదువరి (ప్రశ్న):

స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ గుర్తించి ముప్పై ఏళ్లయినా నిండకముందే అమెరికా సంయుక్త రాష్ట్రాలు ఆ పాత ఏలికతోనే మళ్లీ తలపడిన 1812 యుద్ధం గురించి కొంతకాలంగా చదువుతున్నాను. అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్ 1812 జూన్ 1న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో అన్నిటికన్నా ముందు నిలిచిన అభియోగం, అమెరికన్ ఓడలను నడిసముద్రంలో ఆపి అందులోని నావికులను బ్రిటిష్ నౌకాదళం బలవంతంగా పట్టుకుపోతోందన్నది. వాణిజ్య ఆంక్షలు, సరిహద్దు తెగలను బ్రిటిషువారు ఎగదోస్తున్నారన్న అనుమానం ఆ తరువాతే వస్తాయి. తీరా 1814 డిసెంబరు 24న గెంట్ నగరంలో సంతకాలు చేసిన సంధిలో నావికుల ఊసే లేదు, తటస్థ దేశాల వ్యాపార హక్కుల మాటా లేదు, సరిహద్దులేమో యుద్ధానికి ముందున్నట్టే ఉండిపోయాయి. అంటే మొదట చెప్పిన కారణం వట్టి సాకేనా? రాజధానిని కాల్పించుకుని మరీ చేసిన ఈ యుద్ధాన్ని కొందరు ‘రెండవ స్వాతంత్ర్య యుద్ధం’ అని ఎందుకు పిలుస్తారు?

తెరచాప:

సాకు కాదని నా అభిప్రాయం. నెపోలియన్‌తో పోరులో మునిగిన బ్రిటిష్ నౌకాదళానికి లక్షకు పైగా మనుషులు కావలసి వచ్చారు. జీతం తక్కువ, శిక్షలు కఠినం కావడంతో చాలామంది పారిపోయి, మెరుగైన కూలి ఇచ్చే అమెరికన్ సరుకు ఓడల్లో చేరిపోయేవారు. బ్రిటిష్ చట్టం ప్రకారం రాజుకు ప్రజగా పుట్టినవాడు చచ్చేదాకా ఆ రాజు ప్రజే. అమెరికా మాత్రం కొన్నేళ్లు నివసించి ప్రమాణం చేసినవాడిని తన పౌరుడిగా లెక్కించేది. కాబట్టి ఒకే మనిషి మీద ఇద్దరికీ హక్కు ఉండేది, ఇద్దరూ తమ చట్టం ప్రకారమే మాట్లాడేవారు.

దీనికి విరుగుడుగా 1796 చట్టం కింద అమెరికన్ నావికులకు ధ్రువపత్రాలు ఇచ్చారు. అందులో పేరు, వయసు, ఎత్తు, ఒంటి రంగు, మచ్చలు, పచ్చబొట్లు రాసి ఉండేవి. ఆ కాగితాలు చేతులు మారేవి, అమ్ముడుపోయేవి, దొంగవీ తయారయ్యేవి. అందువల్ల ఓడ మీదికెక్కిన బ్రిటిష్ అధికారి, ముఖ్యంగా తన ఓడలో మనుషులు తక్కువగా ఉన్న రోజున, నిజమైన పత్రాన్ని కూడా చిత్తుకాగితంలా చూసేవాడు. ఇలా పట్టుబడిన అమెరికన్లు కొన్ని వేలమంది ఉంటారు. 1807 జూన్ 22న వర్జీనియా తీరం దాపున ‘లెపర్డ్’ అనే బ్రిటిష్ యుద్ధనౌక ఏకంగా ‘చెసపీక్’ అనే అమెరికన్ యుద్ధనౌక మీదే కాల్పులు జరిపి, ముగ్గురిని చంపి, నలుగురిని దింపుకుపోయింది. సరుకు ఓడను ఆపడం వేరు, మరో దేశపు జెండా ఎగురుతున్న యుద్ధనౌక మీద గుండ్లు కురిపించడం వేరు. ఆ రోజున కాంగ్రెస్ సమావేశమై ఉంటే యుద్ధం అయిదేళ్ల ముందే వచ్చేదేమో.

అప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ యుద్ధానికి బదులు ఎగుమతుల నిషేధాన్ని ఎంచుకున్నాడు. అది కొరివితో తల గోక్కున్నట్టయింది. 1807లో సుమారు 10.8 కోట్ల డాలర్లున్న అమెరికా ఎగుమతులు 1808లో 2.2 కోట్లకు పడిపోగా, బ్రిటన్ మాత్రం దారికి రాలేదు.

అసలు ఆధారం 1812 వేసవిలోనే దొరుకుతుంది. తటస్థ ఓడలను కట్టడి చేసిన ‘ఆర్డర్స్ ఇన్ కౌన్సిల్’ అనే ఉత్తర్వులను, ప్రధాని స్పెన్సర్ పర్సివల్ మే 11న హత్యకు గురైన తరువాత ఏర్పడిన ప్రభుత్వం జూన్ 23న రద్దు చేసింది. కానీ అమెరికా అప్పటికి అయిదు రోజుల ముందే, జూన్ 18న, యుద్ధం ప్రకటించేసింది. కబురు సముద్రం దాటడానికి వారాలు పట్టే కాలమది. కబురు అందిన తరువాతైనా మాడిసన్ ఆగకపోవడానికి కారణం, నావికులను పట్టుకుపోయే పద్ధతిని వదులుకుంటామని బ్రిటన్ చెప్పకపోవడమే. ఉత్తర్వులు పోయాక మిగిలిన ప్రధాన తగాదా అదొక్కటే.

మరి సంధిలో ఎందుకు లేదంటే, 1814 ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగడంతో బ్రిటన్‌కు అంతమంది నావికుల అవసరం తీరిపోయింది. ఖజానా ఖాళీ అవుతున్న మాడిసన్ మంత్రివర్గం, అవసరమైతే ఈ షరతును పక్కన పెట్టవచ్చని ఆ జూన్‌లోనే తన ప్రతినిధులకు రాసింది. బ్రిటన్ సూత్రాన్ని వదులుకోలేదు, ఆచరణ మాత్రం ఆగిపోయింది.

పాతపటాలు:

తెరచాప గారు సముద్రం వైపు నుంచి చెప్పారు. నేను ఓట్ల లెక్క చూడమంటాను. యుద్ధ తీర్మానం ప్రతినిధుల సభలో 79–49తో, సెనేట్‌లో 19–13తో గట్టెక్కింది. ప్రతిపక్షమైన ఫెడరలిస్టు పార్టీవారు ఒక్కరూ అనుకూలంగా ఓటు వేయలేదు. ఓడలూ నావికులూ ఎక్కువగా ఉన్న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లోనే (న్యూ ఇంగ్లండ్‌లోనే) వ్యతిరేకత బలంగా ఉండగా, ‘నావికుల హక్కులు’ అని గొంతెత్తినవారిలో సముద్రం ముఖం చూడని కెంటకీకి చెందిన హెన్రీ క్లే ముందున్నాడు. పశ్చిమ ప్రాంతం వారి కన్ను ఆదివాసుల భూమి మీద ఉండేది. షానీ అనే ఆదివాసీ తెగ నాయకుడు టెకుమ్సే తెగలన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చే పనిలో ఉండగా, 1811 నవంబరులో టిప్పెకనూ వద్ద విలియం హెన్రీ హారిసన్ నడిపిన అమెరికన్ సేనతో జరిగిన పోరు తరువాత బ్రిటిష్ తుపాకుల గురించిన కోపం అక్కడ ఇంటింటికీ పాకింది.

కెనడా సంగతి సరేసరి. 75 లక్షల జనాభా ఉన్న దేశం, పక్కనే అయిదు లక్షల మంది ఉన్న ఈ బ్రిటిష్ వలసలను నడిచివెళ్లి తీసుకోవచ్చని జెఫర్సన్ అంతటివాడే అనుకున్నాడు. ఆ మాట రాసిన ఆగస్టులోనే అమెరికన్ జనరల్ హల్ డెట్రాయిట్ కోటను పోరాటం లేకుండా అప్పగించేశాడు.

తెరచాప:

భూమి ఆశ లేదని నేను అనను. అయితే వర్తకులు వద్దన్నారు కాబట్టి ఫిర్యాదు అబద్ధమనడం కుదరదు. మూడు ఓడల్లో ఒకటి పట్టుబడినా మిగిలిన రెండింటి మీద లాభం వచ్చే వ్యాపారి యుద్ధాన్ని ఎందుకు కోరుకుంటాడు? పట్టుబడిన నావికుడికి సభలో ఓటు లేదు. ఇక బ్రిటిష్ నౌకాదళాన్ని సముద్రం మీద ఎదుర్కొనే శక్తి లేని దేశానికి బ్రిటన్ మీద చేయి పడే చోటు కెనడా ఒక్కటే.

నదీతీరం:

కారణాల తగవు ఎప్పటికీ తెగదు కాబట్టి ఫలితాల గురించి రెండు మాటలు రాస్తాను. ‘ఎక్కడివారక్కడే’ అన్నది రెండు ప్రభుత్వాల మధ్య లెక్క మాత్రమే. ఆ సంధిలో రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చదివితే మిగతా లెక్క తేలుతుంది.

తొమ్మిదవ నిబంధన, ఆదివాసీ తెగలకు 1811లో ఉన్న భూములు, హక్కులు తిరిగి ఇవ్వాలంటుంది. చర్చల మొదట్లో బ్రిటన్ వారికొక ప్రత్యేక ప్రాంతం ఉండాలని పట్టుబట్టి, తరువాత మెత్తబడి, చివరికి ఈ ఒక్క వాక్యంతో సరిపెట్టుకుంది. అప్పటికే టెకుమ్సే 1813 అక్టోబరులో కెనడాలోని థేమ్స్ నది వద్ద జరిగిన పోరులో చనిపోయాడు, ఆయన కూడగట్టిన కూటమి చెదిరిపోయింది. దక్షిణాన అమెరికన్ జనరల్ ఆండ్రూ జాక్సన్ 1814 ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందంతో క్రీక్ అనే ఆదివాసీ జాతి నుంచి సుమారు 2.3 కోట్ల ఎకరాలు రాయించుకున్నాడు. తన పక్షాన పోరాడిన క్రీకుల భూమి కూడా అందులో ఉంది. గెంట్ సంధి తరువాత ఆ భూమి వెనక్కి రాలేదు, బ్రిటన్ గట్టిగా అడగనూ లేదు. అందులో పెద్దభాగం 1819లో అలబామా రాష్ట్రంలోకి వచ్చి, బానిసల చేత పత్తి పండించే నేల అయింది.

మొదటి నిబంధన, బానిసలతో సహా ప్రైవేటు ఆస్తిని తీసుకుపోకూడదంటుంది. యుద్ధకాలంలో మూడు వేలకు పైగా బానిసలు బ్రిటిష్ ఓడలకు చేరి స్వేచ్ఛ పొందారు. వారిలో చాలామందిని నోవా స్కోషియాలోనూ ట్రినిడాడ్‌లోనూ స్థిరపరిచారు. వారిని అప్పగించబోమని బ్రిటన్ చెప్పినా అమెరికా విడిచిపెట్టలేదు. రష్యా చక్రవర్తి మధ్యవర్తిత్వం దాకా తీసుకువెళ్లి, 1826లో 12,04,960 డాలర్ల పరిహారం ఒప్పించుకుంది. ఒక నిబంధన కోసం పన్నెండేళ్లు వెంటపడినవారు, అదే కాగితంలోని మరో నిబంధనను తిరిగి చూడనే లేదు.

చదువరి:

అందరికీ ధన్యవాదాలు. తొమ్మిదవ నిబంధనను నేను చదివి కూడా దాటేశాను. ఇక ఆ ‘రెండవ స్వాతంత్ర్య యుద్ధం’ అన్న పేరు సంగతి ఒక్కటే మిగిలింది.

తెరచాప:

దానికి కబుర్లు చేరిన వరుసే చాలావరకు కారణం. న్యూ ఆర్లియన్స్ వద్ద జాక్సన్ సేన 1815 జనవరి 8న గెలిచింది. చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు కలిపి బ్రిటిష్ నష్టం సుమారు రెండు వేలమంది. సంధి మీద సంతకాలు అంతకు రెండు వారాల ముందే జరిగినా, రెండు దేశాలూ ఆమోదించేదాకా యుద్ధం ఆగదని అందులోనే రాసి ఉంది, సెనేట్ ఫిబ్రవరి 16న గాని ఆమోదించలేదు. వాషింగ్టన్‌కు ఫిబ్రవరి మొదట్లో గెలుపు వార్త, పదిరోజులకు సంధి వార్త చేరాయి. ముందు గెలుపు, వెనకే శాంతి వస్తే, శత్రువును ఓడించి సంధికి రప్పించామని జనం అనుకోవడం సహజం. అప్పు 4.5 కోట్ల డాలర్ల నుంచి 12.7 కోట్లకు పెరిగిందన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ పట్టలేదు.

యుద్ధాన్ని వ్యతిరేకించిన ఫెడరలిస్టులు సరిగ్గా అదే సమయంలో దొరికిపోయారు. న్యూ ఇంగ్లండ్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై, కాంగ్రెస్‌లో మూడింట రెండు వంతుల మద్దతు లేనిదే యుద్ధం ప్రకటించకూడదన్నది మొదలైన రాజ్యాంగ సవరణలు కోరారు. మసాచుసెట్స్ తరఫున ఆ కోర్కెలతో బయలుదేరిన ప్రతినిధులు రాజధానికి చేరేసరికి అక్కడ సంబరాలు జరుగుతున్నాయి. వాళ్లు పత్రికల ఎగతాళి భరించి, తెచ్చిన కాగితాలు ఎవరికీ ఇవ్వకుండానే తిరిగి వెళ్లిపోయారు.