పెద్ద దేశం చేతులెత్తేస్తే మిగతావాళ్లు ఏం చేయగలరు?

ప్రశ్న:
దేశాల మధ్య వాణిజ్య తగాదాలు తీర్చే ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) అప్పీలు విభాగంలో కొత్తవాళ్లను వేయనివ్వకుండా అమెరికా అడ్డుపడుతూ రావడంతో 2019 డిసెంబరు నుంచి అక్కడ అప్పీళ్లు వినే దిక్కే లేదు. కింది ప్యానెల్‌లో ఓడిన దేశం అప్పీలు పడేస్తే చాలు, కేసు అక్కడే ఆగిపోతుంది. ఇలాంటప్పుడు కెనడా, బ్రెజిల్, జపాన్ లాంటి దేశాలు కలిసి నిజంగా ఏమైనా చేయగలవా, లేక ప్రకటనలతో సరిపెట్టుకోవాల్సిందేనా?

జవాబు 1:
మీరు చెప్పిన చోటే చేసి చూపించారండి. 2020లో యూరోపియన్ యూనియన్, కెనడా, ఆస్ట్రేలియా, బ్రెజిల్ లాంటివి కలిసి, తమలో తమకు వచ్చే తగాదాల కోసం తాత్కాలిక అప్పీలు ఏర్పాటు పెట్టుకున్నాయి. కొత్త సంస్థ కట్టలేదు, డబ్ల్యూటీఓ నిబంధనల్లోనే ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తుల తీర్పుకు) వీలిచ్చే 25వ అధికరణాన్ని వాడుకున్నారు. కేసుకు ముగ్గురు ఆర్బిట్రేటర్లు, 90 రోజుల గడువు, అంతే. బెల్జియం, జర్మనీ, నెదర్లాండ్స్ నుంచి వచ్చే ఫ్రోజెన్ ఫ్రెంచ్ ఫ్రైస్‌పై కొలంబియా యాంటీ డంపింగ్ సుంకం (మరీ తక్కువ ధరకు తెచ్చి అమ్ముతున్నారంటూ వేసే అదనపు పన్ను) వేస్తే ఆ గొడవ ఇక్కడికే వచ్చింది. 2022 అక్టోబరులో అప్పీలు, డిసెంబరులో తీర్పు. ఆలుగడ్డ ముక్కల కేసే కదా అని తీసిపారేయకండి, పాత విభాగమే దిక్కయితే ఆ అప్పీలు ఇప్పటికీ అలాగే పడి ఉండేది.

జవాబు 2:
బాగానే ఉంది కానీ అందులో చైనా కూడా ఉంది, కాబట్టి పూర్తిగా మధ్య స్థాయి దేశాల ఘనత అనలేం. పైగా అమెరికా అందులో లేదు కాబట్టి, అమెరికాతోనే తగాదా ఉన్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. రక్షణ విషయానికొస్తే ఇంకా కష్టం. మందుపాతరల నిషేధ ఒప్పందాన్ని 1997లో కెనడా ముందుండి నడిపించింది, అమెరికా, రష్యా, చైనా రాకపోయినా అది నిలబడింది. అలాంటిది రష్యా భయంతో ఫిన్లాండ్, పోలాండ్, మూడు బాల్టిక్ దేశాలు (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) 2025లో అందులోంచి బయటికొచ్చేందుకు నిర్ణయించుకున్నాయి. పక్కనే ముప్పు ఉన్నవాళ్లను సంతకం ఎంతకాలం ఆపుతుంది చెప్పండి?

జవాబు 3:
రక్షణ గురించి మీరన్నది ఒప్పుకుంటాను. వాణిజ్యంలో మాత్రం ఇంకో ఉదాహరణ ఉంది. 2017 జనవరిలో ట్రంప్ టీపీపీ (పసిఫిక్ తీర దేశాల వాణిజ్య ఒప్పందం) నుంచి అమెరికాను తప్పించగానే అందరూ అది పోయిందనే అనుకున్నారు. జపాన్ పట్టుబట్టి, తనతో కలిపి మిగిలిన 11 దేశాలను కూర్చోబెట్టింది, 2018 మార్చిలో చిలీలో సంతకాలయ్యాయి. అమెరికా కోసం ఒప్పుకున్న మేధో సంపత్తి హక్కుల (పేటెంట్లు, కాపీరైట్ల లాంటి) షరతులు సహా 22 నిబంధనలను కొట్టేయకుండా పక్కన పెట్టారు, నాకు ఇదే బాగా నచ్చింది, రేపు అమెరికా వస్తానంటే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు. 2024 చివర్లో బ్రిటన్ కూడా చేరింది.

ప్రశ్న అడిగినవారు:
22 నిబంధనల సంగతి నాకు తెలియదు, థాంక్స్ అండి. అయితే నా అసలు టెన్షన్ రెండో జవాబులో ఉన్నదే. రక్షణలో జపాన్ చేసిన పని చేసేవాళ్లెవరు?