ప్రజల డబ్బుతో నడిచే రేడియో, టీవీల స్ట్రీమింగ్ సమాచారాన్ని డెవలపర్లకు తెరవాలా?

రెడింగ్_కుర్రాడు:
మా అమ్మ మూడు నెలలు ఉండి పోదామని ఇంగ్లండ్‌లోని రెడింగ్ వచ్చింది. చూపు తగ్గింది, ఫోన్‌లో వెతుక్కోలేదు. ఖాళీ నేతి డబ్బాలో రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటరు, చిన్న స్పీకరు పెట్టి, పైన ఒకే ఒక నాబ్ బిగించి ఇచ్చాను. తిప్పితే మన వైపు రేడియో పలుకుతుంది. రెండో రోజు పొద్దున అడిగింది: "ఇప్పుడు వస్తాండేది ఏందిరా? పంటల కార్యక్రమం ఎన్నింటికొస్తాది?" పాట వినిపించే డబ్బా ఈ మాటకు బదులు చెప్పలేదు.

ఇలాంటి ప్రశ్నకు యంత్రంతో జవాబు చెప్పించవచ్చని బీబీసీ ఎప్పుడో చూపించింది. అక్కడ ప్రతి కార్యక్రమానికీ ఒక గుర్తింపు సంకేతం ఉంటుంది. డాక్టర్ హూ సీరియల్‌ది బీ006క్యూ2ఎక్స్0. కార్యక్రమం పేజీ చిరునామా చివర చుక్క పెట్టి జేసన్ (యంత్రాలు చదివే రూపం పేరు) అని చేరిస్తే బొమ్మలూ రంగులూ లేకుండా వట్టి వివరాలు చేతికొచ్చేలా ఆ సైటు కట్టారు. 2005లో బ్యాక్‌స్టేజ్ అని పథకం పెట్టి, మా సమాచారంతో మీకు కావలసింది కట్టుకోండని బయటి డెవలపర్లను పిలిచారు. 2010లో దాన్ని మూసేశారు. మూయకుండా ఉండాల్సింది అంటాను.

నా వాదన ఇది. పాటల హక్కుల జోలికి నేను పోవడం లేదు. ఏ కేంద్రంలో ఏ వేళకు ఏం వస్తుందో, దాని స్ట్రీమ్ చిరునామా (నెట్‌లో ఆ ప్రసారం వినిపించే లింకు) ఏదో, ఈ రెండూ అందరికీ తెరిచి ఉంచాలి. మన ఆకాశవాణి కూడా. ఏమంటారు?

నల్లకోటు:
మీ అమ్మగారి కోసం చేసిన డబ్బా బాగుంది, నిజంగా. కానీ వేళల పట్టిక ఒకటి, స్ట్రీమ్ చిరునామా మరొకటి. రెండూ ఒకే గాటన కట్టకండి.

2012 సవరణతో కాపీరైట్ చట్టంలో 31డి సెక్షన్ వచ్చింది. ప్రసార సంస్థ ముందుగా నోటీసు ఇచ్చి, నిర్ణయించిన రాయల్టీ కడితే, ఒక్కో హక్కుదారు దగ్గర విడిగా అనుమతి తీసుకోకుండానే పాట వేసుకోవచ్చు. ఇంటర్నెట్ స్ట్రీమింగ్‌కు ఇది వర్తించదని టిప్స్ అనే పాటల కంపెనీకీ వింక్ అనే పాటల యాప్‌కూ నడిచిన కేసులో బాంబే హైకోర్టు 2019లో చెప్పింది. అంటే గాలిలో వెళ్లే పాటకు ఒక లెక్క, నెట్‌లో వెళ్లేదానికి ఇంకో లెక్క. చిరునామా ఎవరికిబడితే వాళ్లకిస్తే, ఎవడో మధ్యలో ప్రకటనలు దూర్చి సొమ్ము చేసుకుంటాడు. హక్కుదారు పట్టుకునేది వాణ్ణి కాదు, ప్రసార సంస్థను.

సర్వర్_కాపలా:
నేను ఇంకో సంగతి చెప్తా. ఇదివరకు ఒక కంపెనీలో (పేరు వద్దు) ఇలాంటి ఫీడ్, అంటే బయటి యాప్‌లకు సమాచారం అందించే ఏర్పాటు, నడిపాను. ఎవరో ఒక యాప్ వదిలారు. ఐదు నిమిషాలకోసారి మారే సమాచారాన్ని అది ప్రతి ఫోన్ నుంచీ సెకనుకోసారి అడిగేది. రాత్రి ఒంటిగంటకు నన్ను లేపారు. ఆ యాప్ చేసిందెవరో కనుక్కోవడానికి దారి లేదు, తాళం లేకుండా (ఒక్కో యాప్‌కు విడిగా ఇచ్చే రహస్య సంకేతం లేకుండా) తెరిచాం కదా. పొద్దునకల్లా ఫీడ్ ఆపేశాం. బుద్ధిగా వాడుకునేవాళ్లూ దాంతోపాటే పోయారు. తెరవమనడం తేలికే అన్నా, నడిపేవాడికి తెలుస్తుంది ఆ బరువు.

కొత్తగూడెం_శ్రోత:
నల్లకోటు గారూ, ఎవడో దూర్చేస్తాడని తలుపే పెట్టొద్దంటే ఎట్లా? ఆకాశవాణి వార్తలనే తీసుకోండి. 2019 జనవరిలో ప్రైవేటు ఎఫ్‌ఎంలకు ఆ బులెటిన్లు ఉచితంగా వాడుకోనిచ్చారు. మార్చొద్దు, ఆకాశవాణి పేరు చెప్పాలి, ఇవీ షరతులు. 2024 మార్చిలో ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి సంస్థ శబ్ద్ అని తెచ్చి, పత్రికలకూ ఛానళ్లకూ వార్తల ఫీడ్ ఇస్తోంది. పెద్ద సంస్థలకు పనికొచ్చిన నమ్మకం ఇంట్లో కూర్చుని యాప్ చేసే పిల్లకు ఎందుకు పనికిరాదు?

ప్రభుత్వ సొమ్ముతో తయారైన, రహస్యం కాని సమాచారం యంత్రాలు చదివే రూపంలో జనానికి అందాలనే కదా 2012లో కేంద్రం జాతీయ డేటా పంపిణీ విధానం పెట్టుకుంది. రేడియో వేళల్లో రహస్యం ఏముంది చెప్పండి.

మైక్_వెనక:
వేళలతో నాకు పేచీ లేదు. స్ట్రీమ్ దగ్గరే ఉంది. బీబీసీ 2019లో బ్రిటన్‌లో ట్యూన్‌ఇన్ అనే రేడియో యాప్ నుంచి తన రేడియో స్టేషన్లను తీసేసింది, ఎందుకంటే ఎవరు ఏం వింటున్నారో ఆ వివరాలు ట్యూన్‌ఇన్ వాళ్లు పంచుకోలేదు. ఇది మొండితనం కాదు. జానపదం గంటకు ఎంతమంది ఉన్నారో లెక్క చూపలేకపోతే, వచ్చే బడ్జెట్‌లో మొదట కోత పడేది ఆ గంటకే. బయటి యాప్‌లో విన్నవాళ్లు లెక్కలోకి రాకపోతే లేనట్టే.

రెడింగ్_కుర్రాడు:
మైక్_వెనక గారూ, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. అలాగైతే తాళం పెట్టండి. డెవలపర్ పేరు, ఫోన్ నంబరు ఇచ్చి తాళం తీసుకుంటాడు, ఎన్ని గంటలు వినిపించాడో లెక్క వెనక్కి పంపుతాడు. వ్యక్తుల వివరాలు అక్కర్లేదు, గంటల లెక్క చాలు. సర్వర్_కాపలా అన్నా, నీ బాధకూ అదే మందు: అతిగా అడిగే యాప్ తాళం ఒక్కటే రద్దు చేస్తావు, మిగతావాళ్లు బతుకుతారు. ప్రకటనలు దూర్చినవాడి తాళమూ అంతే. చిరునామా తాళం లేకుండా తెరవాలన్న నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం వదలను: చిరునామా మారుస్తుంటే ముందుగా చెప్పాలి, ఒక తెరిచిన పేజీలో, తేదీతో. 2015 ఫిబ్రవరిలో బీబీసీ పాత స్ట్రీమ్ పద్ధతి ఆపేసినప్పుడు ఎన్నో ఇంటర్నెట్ రేడియో సెట్లు మూగబోయాయి. డబ్బులు పెట్టి కొన్నవి, పాడవని సెట్లు. వాటి ముందు కూర్చునేది ఎక్కువగా మా అమ్మ వయసువాళ్లే.

నల్లకోటు:
తాళం, షరతులు, గంటల లెక్క ఉంటే నా అభ్యంతరం సగం తగ్గింది. సినిమా పాటల గంట మాత్రం హక్కుదారులతో తేలేదాకా పక్కన పెట్టాలి. వార్తలు, పంటలు, నాటికలు మొదలుపెట్టొచ్చు. నాటికలకైనా రాసినవారి ఒప్పందం చూసుకోవాలి.

రెడింగ్_కుర్రాడు:
ఒప్పుకుంటాను. ఈలోగా నేను చేస్తున్నది చెప్తాను. అమ్మకు ఆ స్టేషన్ వేళలు నోటికొచ్చు, నలభై ఏళ్లుగా వింటోంది. సాయంత్రం టీ తాగుతూ ఆమె చెప్తుంది, నేను టైప్ చేస్తాను. సోమవారం నుంచి గురువారం దాకా అయింది. ఇప్పుడు నాబ్ నొక్కితే తర్వాత వచ్చేదేమిటో డబ్బా తెలుగులో చదివి చెప్తోంది. ఫైలు కావలసినవాళ్లు అడగండి, పంపిస్తాను. కొత్తగూడెం వేళలు మీకు తెలిస్తే అదే వరుసలో చేర్చి పంపండి.